సారు ఊడ్చిన గది

మొన్న ఒక ఎరువుల దుకాణం ఆయన కంప్యూటర్ మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "అన్నా, గిది పండవెడితే పండుకుంటలేదు. దాని అంతట అదే లేస్తుంది" అన్నాడు. లక్సెట్టిపేట బస్టాండు దగ్గర ఈ రిపేరు షాపు పెట్టినప్పటి నుంచి ఇలాంటి జబ్బులు చాలా చూశాను. మిషన్‌ని నిద్రపుచ్చి పోతారు. తిరిగొచ్చేసరికి తెర వెలుగుతూ ఉంటుంది. ఎవరూ ముట్టుకోలేదని ఒట్లు పెడతారు. ఈయన మాత్రం ఇంకో మాట కూడా అన్నాడు. "మా గుమస్తా మీదనే నాకు డౌటు. రేపు వాని సంగతి తేలుస్త."

"ఇప్పటికే ఏమన్నా అన్నరా ఆయన్ని?" అని అడిగాను.

"ఇంకా అనలే."

"అయితే అనకుండ్రి. నేను చెప్పేదాక నోరు తెరవకుండ్రి."

గొంతు కరుగ్గానే వచ్చింది. డబ్బులిచ్చి బాగు చేయించుకోవడానికి వచ్చిన మనిషిని నేనెందుకు కసురుకున్నానో ఆయనకు అర్థం కాలేదు. మా సారు పోయి అప్పటికి ఇంకా నెల తిరగలేదు. ఆ సంగతి ఆయనకేం తెలుసు.

మా ఊళ్లో సార్లు చాలామంది ఉన్నారు గానీ, ఉత్త 'సారు' అంటే ఆయనొక్కరే. లక్సెట్టిపేట నుంచి గోదావరి వైపు లోపలికి పోతే వస్తుంది మా ఊరు. అక్కడి క్రైస్తవ మిషనరీల బడికి పెద్దసారుగా చేసి రిటైరయ్యారు. మా బాపు మగ్గాల మీద పనికి సిరిసిల్ల పోతే, నేను అమ్మమ్మ దగ్గర ఉండి ఆ బడిలోనే చదివాను. సారు పిల్లల్ని కొట్టేవారు కాదు. తప్పు చేసినవాడి చేతికి చాక్‌పీసుల డబ్బా ఇచ్చేవారు. సాయంత్రం దాకా ఆ డబ్బా పట్టుకుని ఆయన వెనకాల తరగతి తరగతికీ తిరగాలి. ఎందుకని ఎవరూ అడగరు, అందరికీ తెలిసిపోతుంది. దీనికన్నా రెండు దెబ్బలు తిని కూర్చుంటే ఎంత హాయి అనిపించేది. నేనూ మోశాను ఆ డబ్బా. ఎందుకో ఇప్పుడు చెప్పను.

ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడానికి ఆయన దగ్గర వీలుండేది కాదు. "సార్, వీడు నా పలక పగలగొట్టిండు" అని ఎవడైనా పోతే, "నువ్వు చూసినవా?" అని అడిగేవారు. "చూడలే సార్, కానీ ఆడ వీడొక్కడే ఉన్నడు" అంటే, "ఉంటే పగలగొట్టినట్టేనా? పో, కూసో" అనేవారు. బడి అయిపోయాక కూడా ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మా ఊళ్లో ఇప్పటికీ ఇద్దరు జగడమాడుకుంటే మూడోవాడు సారులాగా గొంతు పెట్టి "నువ్వు చూసినవా?" అంటాడు.

చేతి గడియారాన్ని మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకునేవారు. టైం చూసుకోవాలంటే చెయ్యి చాచి అరచెయ్యి పైకి తిప్పాలి. కొత్తవాళ్లు ఆయనేదో ఇమ్మని అడుగుతున్నారనుకుని తత్తరపడేవాళ్లు. ఎవరింటికి పోయినా కూర్చునే ముందు జేబురుమాలు తీసి కుర్చీ దులిపేవారు. ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటే, "మీ కుర్చీ మంచిగనే ఉన్నది, నా అలవాటే బాగలేదు" అనేవారు. ఆయన హాస్యం అంతవరకే. నవ్వితే కింది పెదవి ఒక్కటే కదిలేది.

సారువాళ్లు క్రైస్తవులు, చర్చిని గుడి అనే అంటారు. తెల్లదొరల కాలంలో కట్టిన రాతి గుడి. పక్కనే గోడకు గోడ కలిపి ఒక ఆఫీసు గది. ఆ గది గోడ మీద ఆనిన దూలాలకే పెద్ద గంట వేలాడుతుంది. తాడు బయట వసారాలోకి దిగి ఉంటుంది. రిటైరయ్యాక, అందులోనూ భార్య పోయాక, సారు ఆ తాడు తన చేతిలోకి తీసుకున్నారు. రోజూ సాయంత్రం ప్రార్థనకు, ఆదివారం పొద్దున ఆరాధనకు గంట కొట్టేది ఆయనే. గుడి ఆవరణలోనే వాచ్‌మన్ ఉన్నాడు, బలమైన పడుచువాళ్లున్నారు. ఎవరికీ తాడు ఇచ్చేవారు కాదు.

"గంట వేళకు మోగాలె. వేళ తప్పితే ఎవలో పోయిండ్రనుకుంటరు" అనేవారు. అది నిజం. ఆ గంట వేళ కాని వేళ మోగితే మా ఊళ్లో చావు కబురే. వాళ్ల చర్చి సంఘం వాళ్లే కాదు, మా నేత సాలోళ్ల వాడలో కూడా చేసే పని ఆపి, "ఎవలంట?" అంటూ బజారులోకి వచ్చి నిలబడతారు.

ఆఫీసు గదిలో కంప్యూటర్ నేను కూర్చి ఇచ్చిందే. దాని మీద సారు భార్య దారంతో అల్లిన తెల్లని గుడ్డ ఒకటి కప్పి ఉండేది. ఆమెను అందరం టీచరమ్మ అనేవాళ్లం. బతికి ఉన్న రోజుల్లో ఆవరణలోని ఆడవాళ్లను వసారాలో కూర్చోబెట్టుకుని చదువు చెప్పేది. సారు రిటైరయ్యాక ఒక్క వేలుతో టైపు నేర్చుకున్నారు. ఆదివారం ఆరాధన క్రమం టైపు చేసి ప్రింటు తీసేవారు. అది కాకుండా ఇంకో పని కూడా ఉండేది. సంఘంలో జనం తమ బాధలు వచ్చి ఆయనకు చెప్పుకుని ప్రార్థన చేయమని అడిగేవాళ్లు. ఒకరి మొగుడు తాగొచ్చి కొడతాడు, ఒకరి బిడ్డకు మూర్ఛ వస్తుంది, ఒకరి సంబంధం ఆగిపోయింది. ఎవరినీ మరచిపోకుండా అవన్నీ మిషన్‌లో ఎక్కించుకుని, పొద్దున్నే తెర ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే చదువుతూ ప్రార్థించేవారు. తనకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియకూడని సంగతులు అవి.

మిషన్ పాతది. ఆపి మళ్లీ పెడితే లేవడానికి చాలాసేపు తీసుకునేది. అందుకని సారు దాన్ని ఆపకుండా నిద్రపుచ్చేవారు. కొన్నాళ్లకు అది నిద్ర పోవడం మానేసింది. సాయంత్రం గుడ్డ కప్పి, బయటికి పోయి గంట కొట్టి, తిరిగి వచ్చేసరికి గుడ్డ కింద తెర వెలుగుతూ ఉండేది. ఒకరోజు నా షాపుకు వచ్చి, కుర్చీ దులుపుకుని కూర్చుని, "నీ మిషన్ నా మాట వింటలేదు రా" అన్నారు.

పోయి చూశాను. చివరిసారి నిన్నెవరు లేపారు అని మిషన్‌నే అడగవచ్చు. అడిగితే, యూఎస్‌బీ కంట్రోలర్ అని చెప్పింది. మౌసు, కీబోర్డు, ప్రింటర్, పెన్‌డ్రైవ్ ఇవన్నీ తగిలించే రంధ్రాలకు కాపలా ఉండేది ఆ కంట్రోలర్. ఆ రంధ్రాల్లో ఎక్కడ కదలిక వచ్చినా అది మిషన్‌ని తట్టి లేపుతుంది. అయితే ఎవరు కదిలించారో చాలాసార్లు చెప్పదు. సారుకు అదే చెప్పాను. ముందు మౌసుకు లేపే అధికారం తీసేశాను. ఎలుక అటూ ఇటూ పోయినా మౌసు కదలవచ్చు కదా. మర్నాడు మళ్లీ లేచింది. కీబోర్డుకు కూడా తీసేశాను. అయినా లేచింది. అడిగితే మళ్లీ అదే జవాబు.

"ఇంకేం తగిలిస్తే లేస్తది?" అని సారు అడిగారు.

"ఏది పెట్టి తీసినా లేస్తది సార్. పెన్‌డ్రైవ్ పెట్టినా లేస్తది."

ఆ మాటకు ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశారు. సంగతేమిటో నాకు తర్వాత తెలిసింది. సంఘంలో ఒక పిల్లకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల తల్లి వచ్చి సారుకు ఒక్కరికే చెప్పుకుని ఏడ్చి పోయింది. వారం తిరక్కుండా ఆ సంగతి బోరింగు దగ్గర ఆడవాళ్ల నోళ్లలో పడింది. సారు దాన్ని తన తప్పుగా తీసుకున్నారు. తన దగ్గరి నుంచే బయటికి పొక్కిందని నిద్ర లేకుండా మథనపడుతున్నారు. ఇక్కడేమో మిషన్ రోజూ సాయంత్రం ఎవరో ముట్టుకున్నట్టు లేచి కూర్చుంటోంది.

ఆ వేళకు గదిలో ఉండేది ఒక్క మనిషి. వాచ్‌మన్ భార్య. నేను అక్కా అని పిలుస్తాను. సారు గంట కొట్టడానికి పోగానే ఆమె లోపలికి వచ్చి గది ఊడ్చేది. టీచరమ్మ దగ్గర చదువు నేర్చుకున్న ఆడవాళ్లలో ఆమె మొదటిది. కూడబలుక్కుని అయినా సరే, ఆడవాళ్ల ప్రార్థన కూడికలో లేచి నిలబడి బైబిల్ వాక్యం చదివేది. ఆమె బిడ్డ మంచిర్యాలలో కంప్యూటర్ కోర్సు చదువుతోంది. ఇవన్నీ సారు మనసులో ఒకదానికొకటి అతుక్కున్నాయి.

నేను ఆ పూట అక్కడే ఉన్నాను. లేకపోతే బాగుండేది అనిపిస్తుంది ఇప్పటికీ. వసారాలో ఆడవాళ్లు ప్రార్థనకు వచ్చి కూర్చున్నారు. సారు ఆఫీసు గడపలో నిలబడి, ఊడ్చి బయటికి వస్తున్న ఆమెను ఆపారు.

"నీ బిడ్డ పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపుతుందా నీకు?"

ఆమెకు అర్థం కాలేదు. "ఏంది సారు?"

"మిషన్ల ఉన్నయి ఎక్కించుకొని పోతున్నవా అని అడుగుతున్న."

వసారాలో ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. ఆమె చీపురు గోడకు ఆనించింది. "మీరు చూసిండ్రా సారు?" అంది. కావాలని అన్న మాట కాదు అది. ఊళ్లో అందరికీ ఉన్నట్టే ఆమె నోటికీ వచ్చింది. సారు ముఖం ఒక్క క్షణం మారింది. తర్వాత అన్నారు, "చూసే అక్కెర లేదు. మిషన్ చెప్తున్నది."

అక్కడితో ఆగినా సరిపోయేది. "టీచరమ్మ నీకు చదువు నేర్పింది గిందుకేనా?" అన్నారు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు మాత్రం వణకలేదు. "నన్ను ఏమన్నా అనుండ్రి సారు. టీచరమ్మను గిందులకు తేకుండ్రి. నా చదువును తిట్టకుండ్రి." గది తాళంచెవి కొంగు ముడి విప్పి తీసి వసారా గోడ మీద పెట్టి పోయింది. ఆ రోజు నుంచి కూడికకు రావడం మానేసింది. సంఘం పెద్దలు కలిసి, ఆవరణలో వాళ్లుండే ఇల్లు ఖాళీ చేయించాలా అన్నది వచ్చే ఆదివారం తేల్చాలనుకున్నారు. మొగుడి కొలువు, పిల్ల చదువు, ఊళ్లో తలెత్తుకుని తిరగడం, ఆమెకు ఉన్నవన్నీ ఆ మిషన్ ఎందుకు లేస్తోందన్న దాని మీద ఆధారపడి ఉన్నాయి.

సారు నన్ను పిలిచి, పెద్దలకు చూపించడానికి మిషన్ చెప్పిన మాట కాగితం మీద తీసి ఇమ్మన్నారు. నాకు కోపం వచ్చింది. ఆయన ముందు కోపం చూపించే ధైర్యం ఎన్నడూ లేదు కాబట్టి, "సార్, ప్రింటర్ వైరు నేను ఇంకా చూడలే. అది చూడకుండ కాయిదం ఎట్లియ్యాలె?" అన్నాను. కాదంటారనుకున్నాను. ఆయన తల ఊపారు. "అట్లయితే చూడు. చూసినంకనే ఇయ్యి."

ప్రింటర్ కిటికీ అరుగు మీద ఉండేది. ఆదివారం పొద్దున ఆరాధన క్రమం కాగితాలు ప్రింటు తీసి, ఆ కిటికీలోంచే బయట ఉన్నవాళ్లకు అందించేవారు. అందుకోసమని సారే దాన్ని అక్కడ పెట్టారు. స్విచ్ ఎప్పుడూ వేసే ఉంటుంది. దాని వైరు మిషన్ దాకా సాగదీసి కట్టి ఉంది. కొనను వేలితో కదిపి చూస్తే వదులుగా ఉంది. అయినా వదులు వైరు దానంతట అది కదలదు కదా అనుకుంటూ, మిషన్‌ని నిద్రపుచ్చి దాని ముందే కూర్చున్నాను. సాయంత్రమైంది. సారు గడియారం చూసుకుని వసారాలోకి పోయారు.

గంట మొదలైంది. ఆ గదిలో కూర్చుని గంట వినడం నాకదే మొదలు. చెవుల కన్నా ముందు ఒంటికి తెలుస్తుంది. పైన దూలాలు ఊగుతుంటే గోడ వణుకుతోంది, కిటికీ అరుగు వణుకుతోంది, అరుగు మీద ప్రింటర్ సన్నగా గలగలమంటోంది. ఇంకోసారి తాడు లాగారు. ప్రింటర్ దీపం ఒకసారి ఆరి వెలిగింది. బల్ల కింద మిషన్ బుస్సుమని లేచింది. తెల్లని గుడ్డ కింద తెర వెలిగింది.

చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. సారు లోపలికి వచ్చి తెర వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు.

"నువ్వు ముట్టినవా?"

"ముట్టలే సార్. మీరు గంట కొట్టంగనే లేచింది. గోడ కదిలితే ప్రింటర్ వైరు ఊడి మళ్ల తగులుకుంటుంది. కంట్రోలర్ దాన్ని ఎవలో ఏదో పెట్టి తీసినట్టు అనుకొని లేపుతుంది. కావాలంటే మళ్లోసారి కొట్టుండ్రి, చూద్దాం."

"వేళ అయిపోయింది" అన్నారు. ఆయన కుర్చీలో కూర్చున్నారు. దులపలేదు. "నీకు పక్కానా?"

"సగం పక్కా సార్. ఇంకోసారి చూస్తే మొత్తం పక్కా."

"సగంతోని..." అని ఏదో అనబోయి ఆపేశారు.

మర్నాడు సాయంత్రం నేను పోయేసరికి వసారాలో తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. తాడు నా చేతికి ఇచ్చారు. "నువ్వు కొట్టు. నేను లోపల కూసుంట" అన్నారు. ఎవరికీ ఇవ్వని తాడు, వాళ్ల మతం కూడా కాని నాకిచ్చారు. కొట్టడం సరిగా రాలేదు, గంట ఎగుడుదిగుడుగా మోగింది. ముగించి లోపలికి పోయాను. తెర వెలుగుతోంది. సారు దాని ముందు రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"నేనే గద రా దీన్ని లేపుతున్నది ఇన్ని దినాలు" అన్నారు. "నేనే పొయ్యి లేపుతున్న. వచ్చి ఆమె దిక్కు చూస్తున్న."

నేను వైరు మార్చాను. ప్రింటర్‌ను కిటికీ అరుగు మీద నుంచి తీసి బల్ల మీదికి తెచ్చాను. రంధ్రాలకు కూడా లేపే అధికారం తీసేశాను. "ఇగ లేవది సార్" అని చెప్పాను. "మంచిది" అన్నారు గానీ మిషన్ వైపు చూడలేదు. "రేపు పొద్దుగాల జర వస్తవా? నువ్వు చెప్పేది కూడా ఉంటది" అన్నారు.

వెళ్లాను. ఎండ ఎక్కింది. నాట్లకు పోయేవాళ్లు పోయారు, మా వాడలో మగ్గాలు ఆడుతున్నాయి. అలాంటి వేళ సారు వసారాలోకి పోయి తాడు పట్టుకుని గంట కొట్టారు. ఎన్నేళ్లుగానో వేళ తప్పనివ్వని మనిషి.

జనం రావడం మొదలైంది. పొలంలోంచి బురద కాళ్లతో వచ్చారు. మగ్గాలు ఆగిపోయాయి. అయ్యగారు, అంటే వాళ్ల పాస్టరు, భుజం మీద తువ్వాలతోనే పరుగెత్తుకొచ్చారు. "ఎవలంట, ఎవలంట" అని ఒకరినొకరు అడుగుతున్నారు. అందరి వెనకాల అక్క వచ్చింది. చేతులకు పిండి ఉంది, కొప్పు ఊడిపోయి ఉంది. "సారుకేమన్నా అయిందా? సారు యాడున్నడు?" అని కనబడ్డవాళ్లనల్లా అడుగుతోంది. తాడు పట్టుకుని నిలబడ్డ సారును చూసి టక్కున ఆగిపోయింది. కొంగు తలమీదికి లాక్కుంది.

"ఎవ్వలు పోలే" అన్నారు సారు. బడిలో మాట్లాడినంత గట్టిగా మాట్లాడారు. "నేనే పిలిచిన. మొన్న గీడ అందరి ముంగట ఈ అమ్మను దొంగతనం చేసినవని అన్న. ఆమె చెయ్యలే. మిషన్‌ని లేపుతున్నది నేను కొట్టే గంట. ఈ పిలగాడు చూసిండు, నేను చూసిన. నేను చూడకముందే అన్న. ఆమె పేరు ఖరాబు చేసిన. పోయినోళ్లను కూడా మాటల్లకు తెచ్చిన. అందరి ముంగట తప్పు ఒప్పుకుంటున్న."

తర్వాత ఆమె వైపు తిరిగి, చేతులు జోడించారు. మా సారు ఒక మనిషి ముందు చేతులు జోడించడం నేనెన్నడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. పక్కకు తిరిగి ప్రింటర్ సంగతి, వైరు సంగతి అడిగినవాళ్లకు చెప్పుకుంటూ ఉండిపోయాను. అయ్యగారు సంతోషంగా ముందుకు వచ్చి, "అమ్మా, సారు ఇంత పెద్ద మనసుతోని అడుగుతున్నరు. క్షమించిన అను" అన్నారు.

ఆమె అనలేదు.

"అందరి ముంగట అన్నరు, అందరి ముంగట చెప్పిండ్రు. నా పేరు నాకొచ్చింది. అది చాలు అయ్యగారు" అంది. "కానీ ఆ ఆఫీసు గది నేను మళ్ల ఊడ్వ. ఆ గడప చూస్తే నా కడుపుల మంట లేస్తుంది. లేస్తలేదని అబద్ధం ఎట్ల చెప్పాలె?"

"నిజమే" అన్నారు సారు. "చెప్పకు."

ఇల్లు ఖాళీ చేయించే మాట అక్కడితో పోయింది. సంబంధం తప్పిన సంగతి మగపిల్లవాడి తరపువాళ్లే మంచిర్యాలలో చెప్పుకుని తిరిగారని తర్వాత తెలిసింది. సంఘం వాళ్లకు అంతా ముగిసింది, సారుకు ముగియలేదు. ఆ సాయంత్రం నుంచి గది ఆయనే ఊడ్చేవారు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, నడుం వంచి, మూల మూలకూ పోయి ఊడ్చేవారు. వాచ్‌మన్ వచ్చి చీపురు అడిగితే ఇచ్చేవారు కాదు. నేనొకసారి చూడలేక, "సార్, నేను ఊడుస్త ఇయ్యుండ్రి" అన్నాను. "నీ పని నువ్వు మంచిగనే చేసినవ్. గిది నా పని" అన్నారు. చిన్నప్పుడు ఆయన మాతో మోయించిన డబ్బా గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో పాటలు తెర మీద వేసే ఏర్పాటు చేయడానికి నేను కొన్ని ఆదివారాలు గుడికి పోయేవాణ్ణి. వెనక బెంచీలో కూర్చుని చూస్తుండేవాణ్ణి. నెలలో మొదటి ఆదివారం ప్రభు భోజనం ఇస్తారు. పక్కవాళ్లతో సమాధానంగా, అంటే మనసులో ఏ పగా లేకుండా ఉన్నవాళ్లే ముందుకు రావాలని అయ్యగారు చదివి చెబుతారు. అందరూ ముందుకు పోయి బలిపీఠం ముందున్న కటకటాల దగ్గర మోకరిస్తారు. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం ఇస్తారు. సారు లేచేవారు కాదు. సంఘం మొత్తం పోయి వచ్చేదాకా తన బెంచీలో తల వంచుకుని ఒక్కరే కూర్చునేవారు. అవతలి వైపు బెంచీలో అక్క కూడా లేచేది కాదు. నెల తర్వాత నెల అలాగే గడిచింది.

అయ్యగారు ఆయన్ని బతిమాలారు. నేనున్నప్పుడే ఒకసారి, "సారూ, మీరు ఒప్పుకున్నరు. దేవుడు క్షమించిండు. ఇంకెందుకు గీ పంతం?" అన్నారు.

"పంతం కాదు అయ్యగారూ. ఆమె కడుపుల మంట ఉన్నదని చెప్పింది గద. అది నేను పెట్టిందే. అది ఆరకముందు నేనెట్ల పొయ్యి మోకరించాలె?"

"అట్లయితే ఆమెను పిలిపించి మాట్లాడుదాం."

"వద్దు. మీరు పిలిస్తే వస్తది. అడిగితే క్షమించిన అంటది. అట్ల అడిగి తెప్పించుకున్న మాట నాకొద్దు" అన్నారు సారు.

ఆ మనిషి ఆ ప్రభు భోజనపు రొట్టె లేకుండా ఎంత చిక్కిపోయారో చెప్పడం నాకు చేతకాదు. నాది ఆ మతం కాదు. కానీ నీళ్లు దొరకని మనిషిని చూస్తే దాహం సంగతి ఎవరికైనా తెలుస్తుంది.

ఈ ఏడు వానలు మొదలయ్యాక ఆయన మంచం పట్టారు. ఊపిరితిత్తులకు నీరు పట్టిందన్నారు. కరీంనగర్ తీసుకుపోయి, మళ్లీ ఇంటికే తెచ్చారు. గంట వాచ్‌మన్ కొట్టేవాడు. నన్ను పిలిపించి, మిషన్‌లో ఉన్న ప్రార్థన మనవులన్నీ తుడిచేయమని చెప్పారు. "నేను చదవలేను ఇగ. ఎవ్వల కంటా పడొద్దు" అన్నారు. ఆ పని మీద పొద్దుటిపూట ఆఫీసు గదికి పోయాను. సారు పడిపోయినప్పటి నుంచి తలుపు తీసినట్టు లేదు. నేలంతా దుమ్ము. వాన జల్లుకు కిటికీ కింద ఆకులు, మన్ను. గుడ్డ తీసి పక్కన పెట్టి పనిలో పడ్డాను.

గడపలో అలికిడైతే తలెత్తి చూశాను. అక్క నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

"సారు ఏమన్నా తింటుండా?" అని అడిగింది.

"గంజి తాగిపిస్తే తాగుతుండు. అది కూడా సరిగ పోతలేదు."

"మనుషులను గుర్తుపడుతుండా?"

"పడుతుండక్కా. మాట మంచిగనే ఉంది."

ఆమె గదంతా చూసింది. నేల చూసింది, కిటికీ కింద మన్ను చూసింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నేను మళ్లీ తెర వైపు తిరిగాను. కొంతసేపటికి చీపురు చప్పుడు వినిపించింది. ఆమె గడప దాటి లోపలికి వచ్చి ఊడుస్తోంది. కొంగు నడుముకు దోపుకుని, బల్ల కింద, కుర్చీ వెనక, తలుపు మూల, అంతా ఊడ్చింది. నా కాళ్లు పైకి పెట్టుకోమని చేత్తో సైగ చేసింది. కిటికీ కింద మన్ను ఎత్తి పారబోసి వచ్చి, తడిగుడ్డతో కూడా తుడిచింది. ముఖంలో కోపం లేదు. ఏడుపు లేదు. రోజూ చేసే పని చేస్తున్నట్టే చేసింది.

గడప దగ్గర ఆగి చెయ్యి తుడుచుకుంటూ, "నువ్వు సారు దగ్గరికి పోతవు గద" అంది. "పోతే చెప్పు. గది ఊడ్చిన అని చెప్పు."

బండి మీద పోయాను. సారు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. మనవులన్నీ తుడిచేశానని చెప్పాను, తల కొద్దిగా ఊపారు. తర్వాత, "సార్, అక్క వచ్చి ఆఫీసు గది ఊడ్చింది. మీకు చెప్పమన్నది" అన్నాను.

వినిపించలేదేమో, మళ్లీ చెప్పాలేమో అనుకున్నాను. మెల్లగా ఇటు తిరిగారు. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఎవలన్న చెప్తే చేసిందా?"

"లేదు సార్. ఎవ్వలు చెప్పలే. ఆమెనే వచ్చింది."

ఆయన కళ్లు మూసుకున్నారు. ఊపిరి కూడదీసుకుని, మంచం పట్టె మీద చెయ్యి ఆనించి లేవబోయారు. నేను వీపు కింద దిండు పెట్టి కూర్చోబెట్టాను.

"జర అయ్యగారిని రమ్మను" అన్నారు. "రొట్టె తెమ్మను."